ఫొటోలు ఇచ్చి లింకులు తెచ్చుకున్న తీరు: కొత్తవాడ దర్రీల వెబ్‌సైటుతో నా అనుభవం

వరంగల్ కొత్తవాడలో మా అత్తగారి కుటుంబం చాలా ఏళ్లుగా దర్రీలు (నేల మీద పరిచే నేత చాపలు) నేయించి అమ్ముతోంది. కొట్టు, మగ్గాలు మా ఆయనా మరిదీ చూసుకుంటారు. వెబ్‌సైటు పని నాది. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత ఆ పేరు చెప్పి ఫోను చేసేవారు మాకు ఎదురుపడసాగారు గానీ, వారిలో మా సైటు చూసి చేసినవారు దాదాపు లేరు. గూగుల్‌లో ఆ మాట కొడితే పెద్ద పెద్ద అమ్మకపు సైట్లు వరుసగా వచ్చేవి; దర్రీ నేసే వాడలోనే ఉన్న మా సైటు ఎక్కడో అడుగున ఉండేది. కారణం వెతకడానికి పెద్దగా శ్రమ పడనక్కరలేకపోయింది. మా సైటు ఒకటి ఉందని చెప్పే లింకు బయట ఎక్కడా లేదు. ఒక పేజీని ఎవరెవరు తమ పేజీల నుంచి చూపిస్తున్నారన్నది గూగుల్ పుట్టిన నాటి నుంచీ దాని లెక్కలో ముఖ్యమైన అంశం. సరుకు అమ్మే పేజీకి ఊరికే లింకు ఇవ్వవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

నెలకు ఇంత అని తీసుకుని లింకులు పెట్టిస్తామనే మెయిళ్లు మాకూ వచ్చేవి. ర్యాంకు కోసం డబ్బిచ్చి లింకులు కొనడం గూగుల్ స్పామ్ నియమాలకు విరుద్ధం. అది అటుంచి, అలా పంపిన ఒకరి నమూనా పేజీ తెరిచి చూస్తే పైన చర్మ సౌందర్య చిట్కాలు, మధ్యలో ఇంటి రుణాలు, కింద రమ్మీ ఆటల లింకులు ఉన్నాయి. వాటి నడుమ మా దర్రీలకు చోటు కొనుక్కోవడానికి మనసొప్పలేదు. మా దగ్గర డబ్బు కంటే సులభంగా ఇవ్వగలిగినవి ఫొటోలే. వరంగల్ గురించీ, చేనేత గురించీ రాసేవారికి ఫొటోలు కావాలి. తీసుకునే ఫొటోకు మూలం చెప్పే మర్యాద చాలామందికి ఉంది. ఈ రెండింటినీ కలిపితే లింకు వస్తుందన్న ఆలోచనతో మొదలుపెట్టాను.

మొదట తేల్చుకోవలసింది ఎటువంటి ఫొటోలు ఇవ్వాలన్నది. సైటులో అప్పటికే ఉన్నవన్నీ తెల్ల గుడ్డ ముందు పరిచి తీసిన సరుకు ఫొటోలు. కొనేవారికి అవి చాలు, రాసేవారికి మాత్రం ఎందుకూ పనికిరావు. అలాగని వేయిస్తంభాల గుడినో, ఖిలా వరంగల్ కీర్తితోరణాన్నో ఎదురుగా నిలబడి తీసి పెడితే వాటిని ఎవరూ ఎంచుకోరు. అలాంటివి ఇంటర్నెట్టులో ఇప్పటికే వేలల్లో ఉన్నాయి, అందులో మంచి కెమెరాలతో, మంచి వెలుతురులో తీసినవీ ఉన్నాయి. అందుకని వరంగల్ గురించి రాసినవారి పేజీలు వరుసగా చదువుతూ, ఎక్కడ మాట ఉండి బొమ్మ లేదో చూస్తూ పోయాను. గ్రూప్స్ పరీక్షలకు నోట్సు రాసే సైట్లలో తెలంగాణ భౌగోళిక గుర్తింపుల జాబితా కనిపించింది. అందులో దర్రీ పేరు పక్కన ఎక్కడో ఉత్తరాదిలో నేసిన చాప బొమ్మ ఉంది. తివాచీకీ దర్రీకీ తేడా వివరించే ఒక పేజీలో రెండింటికీ ఒకే ఫొటో వాడారు. శివనగర్ మెట్లబావి గురించిన వ్యాసంలో బావి ఫొటో లేదు. ఏ ఫొటోలు తీయాలో నాకు ఈ ఖాళీలే చెప్పాయి.

తివాచీకీ దర్రీకీ తేడా విషయమే తీసుకుందాం. తివాచీలో పడుగు (నిలువు) దారాలకు ముడులు వేసి పైన కుచ్చు నిలబెడతారు, కాబట్టి దానికి ముందూ వెనకా వేరు. దర్రీలో కుచ్చు ఉండదు. పేక (అడ్డ) నూలును పడుగును కప్పేసేంత దగ్గరగా దట్టిస్తూ పోతారు. కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ఎటు తిప్పి పరిచినా ఫరవాలేదు. ఈ మాట రాయడానికి రెండు వాక్యాలు పడతాయి. చూపించడానికి ఒక దర్రీ మూల మడిచి, లోపలి వైపూ బయటి వైపూ పక్కపక్కన కనబడేలా తీసిన ఒక్క ఫొటో చాలు. అలాగే రెండు రంగులు కలిసే చోటు ఉంటుంది. ఎరుపు పేక, నలుపు పేక ఒకదాన్నొకటి పట్టుకుని తమ తమ వైపుకు మళ్లుతాయి. మెట్లు మెట్లుగా సాగే ఆ అంచు వల్లే దర్రీ మీద వంకర గీతల నమూనా వస్తుంది. మగ్గం మీద సగం నేసి ఉన్నప్పుడు, ఇంకా దట్టించని వరుసలు వదులుగా కనిపించేటప్పుడు, ఆ అంచును ఫోనుతోనే జాన దూరం నుంచి తీశాను. అమ్మకానికి ఏ మాత్రం అక్కరలేని ఆ ఫొటోయే ఇప్పటికీ మాకు అన్నిటికంటే ఎక్కువ లింకులు తెచ్చింది.

మగ్గం మీద పనిచేసేవారి ఫొటోలకు వారి ఒప్పుదల అడగకుండా ఏదీ పెట్టలేదు. మా మగ్గాల్లో అందరికంటే పెద్దవారు మా ఆయనకు వరుసకు పెద్దబాపు అవుతారు. ఆయనను అడిగితే, "నా మొఖం ఎందుకు బిడ్డా, చేతులు తియ్యి, పనంతా చేసేటియి గవే గదా" అన్నారు. ఆయన సిగ్గుతో అన్న మాట నాకు బాగా కలిసొచ్చింది. ముఖం కనిపిస్తే ఆ మనిషి ఎవరు, ఒప్పుకున్నారా లేదా అన్న సందేహం ఫొటో వాడుకోదలచిన సంపాదకుడికి ఉంటుంది. చేతులకు ఆ పేచీ లేదు. ముఖం కనిపించేలా తీయడానికి ఒప్పుకున్నవారి దగ్గర ఒక కాగితం మీద తెలుగులోనే నాలుగు వాక్యాలు రాసి సంతకం తీసుకున్నాను. ఇంకో జాగ్రత్త కూడా అవసరమైంది. ఫోను తీసే ఫొటోలో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు దాగి ఉంటాయి. కోట, బావి వంటి వాటికి అవి ఉండటమే మంచిది, ఇళ్లలో ఉన్న మగ్గాల ఫొటోలలో నుంచి మాత్రం తీసివేశాను. కట్టడాల దగ్గర ట్రైపాడ్ జోలికి పోలేదు. పురావస్తు శాఖ స్మారకాలలో దానికి ముందుగా అనుమతి తీసుకోవాలి, చేతిలో పట్టుకుని తీసే మామూలు ఫొటోలకు ఆ అవసరం లేదు.

ఇంట్లో ఎక్కువ చర్చ జరిగింది లైసెన్సు గురించి. క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ 2001లో ఏర్పడి, మరుసటి ఏడాది చివరలో తన మొదటి లైసెన్సులను విడుదల చేసింది. "ఈ షరతులకు ఒప్పుకుంటే నన్ను అడగకుండానే వాడుకోండి" అని ముందుగానే రాసిపెట్టే పద్ధతి అది. అందులో కొన్ని రకాలున్నాయి: పేరు చెబితే చాలు అనేది ఒకటి, పేరు చెప్పడంతో పాటు మార్పులు చేసి పంచుకుంటే అదే లైసెన్సుతో పంచుకోవాలి అనేది ఒకటి, వ్యాపారానికి వాడకూడదు అనేది ఒకటి, మార్పులు చేసి పంచకూడదు అనేది మరొకటి. మా మరిదికి మూడోది నచ్చింది.

"వదినా, మన ఫొటో పెట్టి వేరేవాళ్లు సరుకు అమ్ముకుంటే ఎట్ల? వ్యాపారానికి వద్దని రాస్తే పోతది గదా" అన్నాడు.

అతని భయం అర్థం లేనిది కాదు. కానీ ప్రకటనలు వేసుకునే వార్తా సైటు వ్యాపారమా కాదా, ఫీజు తీసుకునే కోచింగ్ సెంటరు వ్యాపారమా కాదా అన్న సందేహం వచ్చిన చోట సంపాదకుడు ఆగడు, వేరే ఫొటో వెతుక్కుంటాడు. పైగా వికీమీడియా కామన్స్ అనే ఫొటో భాండాగారం, వ్యాపార నిషేధం ఉన్న ఫొటోలనూ మార్పుల నిషేధం ఉన్న ఫొటోలనూ అసలు తీసుకోదు. అందుకని పేరు చెప్పి, అదే లైసెన్సుతో పంచుకోవాలనే రెండో రకాన్ని, దాని 4.0 రూపంలో ఎంచుకున్నాం. మరిది భయానికి విరుగుడుగా మరో నిర్ణయం చేశాం: మేము కొత్తగా గీయించుకున్న నమూనాల ఫొటోలు ఒక్కటీ ఇందులో చేర్చకూడదని. చారలు, వంకర గీతలు, ఊరంతా నేసే పాత నమూనాలే బయటికి వెళ్లాయి. ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కు తీసుకోవడం కుదరదు కాబట్టి ఈ గీత ముందే గీసుకోవడం అవసరం.

ఈ లైసెన్సు పూర్తి పాఠాన్ని ఓపికగా చదవడం నాకు మేలు చేసింది. పంచుకునేవారు చేయవలసిన వాటిలో సృష్టికర్త పేరు చెప్పడం, లైసెన్సును ప్రస్తావించడంతో పాటు, మనం ఇచ్చి ఉంటే ఆ కృతి ఉన్న చోటుకు వీలైనంత మేరకు లింకు ఇవ్వడం కూడా ఉంది. ఆ చోటు ఏది అన్నది మన చేతిలోని పని. అందుకని ప్రతి ఫొటోకూ మా సైటులోనే ఒక సొంత పేజీ ఏర్పాటు చేశాను. పేజీ పైన ఫొటో, కింద అది ఏమిటో చెప్పే ఒక పేరా, ఆ కింద లైసెన్సు, దాని తరువాత ఒక పెట్టెలో, నకలు చేసుకుని అతికించుకోవడానికి వీలుగా, పేరూ లింకూ లైసెన్సూ ఉన్న ఒకే ఒక్క వాక్యం. సంపాదకులు బద్ధకస్తులు అనను కానీ, పని తొందరలో ఉంటారు. పేరు ఎలా రాయాలో వారిని ఆలోచించనివ్వకపోతే సగం పని అయినట్టే. ఆ వాక్యంలో 'చవక దర్రీలు', 'మంచి దర్రీలు' వంటి మాటలకు లింకు తగిలించలేదు; కొట్టు పేరుకే లింకు ఉంది. లింకు ఇచ్చేవారు దానికి నోఫాలో గుర్తు (ఈ లింకును ర్యాంకు లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పేది) పెట్టుకోవడానికి వీల్లేదనే షరతు కూడా ఎక్కడా పెట్టలేదు. ఒప్పందం పేరుతో అలా కట్టడి చేయడాన్ని కూడా గూగుల్ స్పామ్ కిందే లెక్కిస్తుంది.

ఫొటో కింద పేరా రాయడానికి ఫొటో తీయడం కంటే ఎక్కువ సమయం పట్టింది. ఫైలు పేరు ఫోను ఇచ్చిన అంకెల వరుసగా ఉంటే వెతికేవారికి దొరకదు. 'వరంగల్ దర్రీ, రెండు రంగుల పేక కలిసే అంచు, కొత్తవాడ' అని ఉంటే దొరుకుతుంది. గూగుల్ ఇమేజెస్ ఫైలు పేరును, ఫొటోకు ఇచ్చే ప్రత్యామ్నాయ పాఠాన్ని (బొమ్మ తెరుచుకోకపోతే బదులుగా కనిపించే మాటలను), చుట్టూ ఉన్న వాక్యాలను చూసి బొమ్మలో ఏముందో గ్రహిస్తుంది. అందుకని వివరాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాను. ఖిలా వరంగల్‌లోని ఖుష్ మహల్ ఫొటో కింద అది ఏ కాలానిది అన్న విషయంలో ఊహాగానాలు చేయక, కంటికి కనిపించే కమానులను మాత్రమే వర్ణించాను. రామప్ప ఫొటోల కింద పాలంపేట అనీ, ములుగు జిల్లా అనీ, 1213 నాటి శాసనం ప్రకారం రేచర్ల రుద్రుడు కట్టించాడనీ, 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిందనీ రాశాను. ఇలా ఖచ్చితమైన వివరం ఉన్న ఫొటోను ఎంచుకోవడంలో సంపాదకుడికి ధైర్యం ఉంటుంది.

ఫొటో ఫైలు లోపల కూడా పేరు నింపాలి. సృష్టికర్త, క్రెడిట్, హక్కుల వివరం ఉన్న పేజీ చిరునామా అనే గడులు ఫైలులోనే ఉంటాయి. ఉచిత సాఫ్ట్‌వేరుతో వాటిని నింపవచ్చు. 2020 ఆగస్టు నుంచి గూగుల్ ఇమేజెస్ ఆ హక్కుల గడిని చదివి, లైసెన్సు ఉన్న ఫొటోల మీద ఒక గుర్తు చూపిస్తోంది, తెరిస్తే లైసెన్సు పేజీకి దారి చూపుతుంది. అయితే వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే ఈ వివరాలన్నీ ఊడిపోతాయి. విలేకరులు ఎవరైనా వాట్సాప్‌లో పంపమంటే డాక్యుమెంటుగా పంపడం అలవాటు చేసుకున్నాను.

ఆ తరువాత కామన్స్. వికీపీడియాలన్నిటికీ ఫొటోలు సమకూర్చే ఈ భాండాగారం 2004 సెప్టెంబరులో మొదలైంది. ఫొటో అవసరమైన చాలామంది రచయితలు, విద్యార్థులు, పత్రికలవారు ముందుగా వెతికే చోటు ఇదే కాబట్టి నా శ్రమలో ఎక్కువ భాగం ఇక్కడే పెట్టాను. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, మన సైటుకు ప్రచారం చేయడం కామన్స్ పని కాదు. ఫొటో మీద కొట్టు పేరు అచ్చు వేసి పెడితే వారికి నచ్చదు, ఆ అచ్చును తుడిచివేసే స్వేచ్ఛ కూడా వారికి ఉంది. నిజానికి సంపాదకులకూ నచ్చదు. మూలన అడ్డంగా పేరు ఉన్న ఫొటోను ఎవరు మాత్రం వ్యాసంలో పెట్టుకుంటారు? నేను చేసిందల్లా, రచయిత గడిలో నా పేరు, మూలం గడిలో మా సైటులోని ఆ ఫొటో పేజీ చిరునామా రాయడం. మొదటే మన సైటులో వచ్చిన ఫొటోను కామన్స్‌లో పెడితే, అది నిజంగా మనదేనా, ఎక్కడి నుంచైనా ఎత్తుకొచ్చామా అని వారు అడుగుతారు. మెయిలు ద్వారా అనుమతి ధ్రువీకరించే పద్ధతి ఒకటి ఉంది. మా ఫొటో పేజీలోనే లైసెన్సు స్పష్టంగా రాసి ఉండటంతో మాకు ఆ అవసరం రాలేదు. కాకపోతే మా పెళ్లి ఫొటోలు తీసినతను కొట్టు కోసం తీసిచ్చిన కొన్ని ఫొటోల విషయంలో మెయిలు పద్ధతి పాటించవలసి వచ్చింది. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనంత వరకు, డబ్బిచ్చి తీయించుకున్నవారే ఫొటోకు మొదటి హక్కుదారులు. అయినా అతని దగ్గర రాతపూర్వకంగా తీసుకుని పంపడంతో పేచీ లేకుండా పోయింది.

వర్గాలు సరిగ్గా పెట్టడం మరో ముఖ్యమైన పని. 'భారతదేశం' అన్న వర్గంలో వేసిన ఫొటో సముద్రంలో వేసినట్టే. దర్రీలు, చేనేత మగ్గాలు, వరంగల్ జిల్లా, నూలు వంటి చిన్న చిన్న వర్గాలలో వేస్తే ఆ విషయం మీద పనిచేసేవారి కంట పడుతుంది. వికీపీడియా వ్యాసాలలో నా ఫొటోలను నేనే పోయి అతికించలేదు, మా సైటు లింకును అక్కడ పెట్టే ప్రయత్నం అసలే చేయలేదు. సొంత వ్యాపారానికి లింకులు పెట్టుకునేవారిని అక్కడివారు ఇట్టే పట్టేస్తారు, పట్టాలి కూడా. ఒక వ్యాసపు చర్చా పేజీలో మాత్రం, నేను ఈ వ్యాపారానికి చెందిన దాన్నని చెప్పుకుని, దర్రీ అంచు ఫొటో ఫలానా చోట ఉందని రాశాను. కొంతకాలానికి వేరెవరో దాన్ని వ్యాసంలో చేర్చారు. ఫొటో ఏయే భాషల వికీపీడియాలలో వాడబడిందో కామన్స్‌లోని ఆ ఫైలు పేజీ అడుగున తెలిసిపోతుంది కాబట్టి, మనం పనిగట్టుకుని వెతకవలసిన అవసరం లేదు. ఏటా సెప్టెంబరులో జరిగే వికీ లవ్స్ మాన్యుమెంట్స్ పోటీ పేరు చాలామంది వినే ఉంటారు. 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైంది. మన దేశం పాల్గొనే ఏడాది కట్టడాల ఫొటోలను ఆ పోటీ ద్వారా పెడితే మరికొన్ని కళ్లు వాటి మీద పడతాయి.

ఫ్లికర్ అనే ఫొటోలు పంచుకునే సైటులో కూడా పెట్టాను. ఉచిత ఖాతాకు అక్కడ వెయ్యి ఫొటోల పరిమితి ఉంది, మాకు అది చాలు. ఫ్లికర్ ఫొటోలూ కామన్స్ ఫొటోలూ ఓపెన్‌వర్స్ అనే వెతుకులాట సైటులో కనిపిస్తాయి. వర్డ్‌ప్రెస్ అనే సైట్లు నడిపే సాఫ్ట్‌వేరులో రాసుకునేవారికి 2023 నుంచి తమ ఎడిటర్‌లోనే ఓపెన్‌వర్స్ ఫొటోలను చేర్చుకునే వీలు వచ్చింది, చేర్చినప్పుడు పేరు కూడా దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. అన్‌స్ప్లాష్, పెక్సెల్స్ వంటి ఉచిత ఫొటోల సైట్లలో పెట్టమని నాకు సలహా ఇచ్చినవారున్నారు. అక్కడ పేరు చెప్పడం వాడుకునేవారి ఇష్టం, తప్పనిసరి కాదు. చూసేవారి సంఖ్య పెద్దగా కనిపిస్తుంది, లింకు మాత్రం రాదు. లింకు కోసం పనిచేస్తున్నప్పుడు నా దృష్టిలో అది వృథా. ఇన్‌స్టాగ్రామ్‌లో కొట్టుకు ఖాతా ఉంది, సరుకు అమ్మడానికి పనికొస్తుంది. పోస్టు కింద రాసే లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి ఈ పనిలో దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఫొటోలు పెట్టి ఊరుకుంటే లింకులు వాటంతట అవి కొన్నే వస్తాయి. మిగిలినవి అడిగితే వస్తాయి. గూగుల్ లెన్స్‌లోనూ టిన్‌ఐలోనూ నా ఫొటోలను ఇచ్చి వెతికి, ఎక్కడెక్కడ వాడారో అప్పుడప్పుడూ చూస్తుంటాను. పేరు లేకుండా వాడినవారు కనిపిస్తే రాసే ఉత్తరం ఎప్పుడూ ఒకే తీరులో ఉంటుంది: మా ఫొటో మీ వ్యాసంలో చూసి సంతోషించాం, పెద్ద సైజు కావాలంటే ఇదిగో, దీని కింద ఈ వాక్యం చేర్చగలరా. బెదిరింపు ఉండదు. లైసెన్సు షరతు తప్పితే వారి హక్కు ఆగిపోతుందనీ, తప్పు తెలిసిన 30 రోజులలోపు సరిదిద్దుకుంటే తిరిగి వస్తుందనీ 4.0 పాఠంలోనే ఉంది. మన చట్టంలోని 57వ సెక్షను ప్రకారం సృష్టికర్తగా తన పేరు కోరే హక్కు ఉండనే ఉంది. ఇవన్నీ తెలిసి ఉండటం మంచిదే గానీ, మొదటి ఉత్తరంలో సెక్షన్ల పేర్లు ఎత్తితే జవాబు బదులు ఫొటో తీసేస్తారు. ఫొటో తీసేస్తే మనకు ఒరిగేదేమీ లేదు.

ఒక వార్తా సైటువారు మా పెద్దబాపు చేతుల ఫొటోను 'ఇంటర్నెట్టు నుంచి' అన్న మాటతో ప్రచురించారు. మెయిలుకు జవాబు లేకపోతే వారి కార్యాలయానికి ఫోను చేశాను. మాట్లాడిన అబ్బాయి మొదట, "మేడమ్, గూగుల్‌ల దొరికింది, అందరూ వాడుకుంటరు గదా" అన్నాడు. ఫొటో ఉన్న పేజీ తెరవమని, పెట్టెలోని వాక్యాన్ని చదవమని చెప్పాను. చదివాక, "ఇది అతికిస్తే సరిపోతదా మేడమ్?" అని అడిగి, సాయంత్రానికి అతికించాడు. తరువాత చేనేత దినోత్సవానికి వేరే ఫొటోలు కావాలని అతనే ఫోను చేశాడు. వీరికి భిన్నంగా, దక్కను తివాచీల మీద రాసే ఒక విదేశీ రచయిత్రి నేను అడగకముందే లింకు ఇచ్చి, ఆ విషయం నాకు రాశారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఓరుగల్లు తివాచీలు కూడా ఉన్నాయి. ఆ పాత నేతకూ నేటి కొత్తవాడ పనికీ పోలిక చూపడానికి ఆమెకు ఇప్పటి మగ్గం ఫొటో కావలసి వచ్చింది. జవాబు రాయనివారు, రాసి కూడా ఏమీ చేయనివారు చాలామందే ఉన్నారు. వారికి రెండోసారి రాసి వదిలేస్తాను.

ఇదంతా చేశాక దక్కిందేమిటి? వికీపీడియా 2007 నుంచి బయటి లింకులన్నిటికీ నోఫాలో పెడుతోంది, కామన్స్‌లోనూ అంతే. గూగుల్ ఆ గుర్తును 2019లో ఆదేశం స్థాయి నుంచి సూచన స్థాయికి తగ్గించింది కాబట్టి వాటిని పూర్తిగా పక్కన పెడుతుందని చెప్పలేం గానీ, ర్యాంకు కోసం కామన్స్‌లో ఫొటోలు పెట్టే పని అయితే నేను ఎవరికీ సలహా ఇవ్వను. అసలు మేలు రెండో అంచెలో ఉంది. కామన్స్‌లో చూసి తీసుకున్నవారు తమ సొంత పేజీలో పేరు రాసేటప్పుడు ఇచ్చే లింకులే మాకు పనికొచ్చాయి. పరీక్షల నోట్సు సైట్లు, చేనేత మీద ప్రాజెక్టు రాసే డిజైను విద్యార్థులు, ప్రయాణాల రచయితలు, చాపల శుభ్రత గురించి రాసే ఒక విదేశీ సైటు ఆ వరుసలో ఉన్నారు. అలా లింకులు చేరిన కొద్దీ 'వరంగల్ దర్రీ' అన్న వెతుకులాటలో మా పేజీ మెల్లగా పైకి వచ్చింది. ఫోను చేసేవారిలో "మీ సైటులో నేత ఫొటోలు చూశాం" అని మొదలుపెట్టేవారు కనిపిస్తున్నారు. వారు బేరం కూడా తక్కువే ఆడతారు. చేతిపని ఎలా జరుగుతుందో చూసి వచ్చినవారు మరమగ్గం ధరతో పోల్చరు.

మేడారం సంగతి కూడా చెప్పాలి. రెండేళ్లకోసారి మాఘంలో జాతర దగ్గరపడే కొద్దీ సమ్మక్క సారలమ్మ గద్దెల ఫొటోలకు, 'బంగారం' అని పిలిచే బెల్లం మొక్కుల ఫొటోలకు విపరీతమైన గిరాకీ ఉంటుంది. మేము కుటుంబంతో వెళ్లినప్పుడు తీసినవి కొన్ని పెట్టాను. మిగతా ఫొటోలన్నిటినీ కలిపినా రాని వీక్షణలు వాటికి వచ్చాయి, లింకులూ వచ్చాయి. అయితే జాతర ఫొటో చూసి మా సైటుకు వచ్చినవారు దర్రీల పేజీ తెరవకుండానే వెళ్లిపోయారు. లింకు ఎన్ని వచ్చాయి అన్నదాని కంటే ఏ విషయం రాసే పేజీ నుంచి వచ్చింది అన్నదే ముఖ్యమని అప్పుడు తేలింది. మేడారం ఫొటోలను అలాగే ఉంచాను, పండుగ ఫొటో పదిమందికి పనికొస్తే మంచిదే. కానీ వాటి కోసం ఇకపై శ్రమ పడదలచుకోలేదు. కోట, మెట్లబావి ఫొటోల తీరు వేరు. వరంగల్ చూడటానికి వచ్చేవారు ఆ పేజీల నుంచి కొట్టు చిరునామా దాకా వస్తున్నారు, కొందరు మగ్గాలు చూస్తామని నేరుగా కొత్తవాడకే వస్తున్నారు.

ఈ మధ్య ఒక హోటలు లోపలి అలంకరణ చేసేవారు దర్రీ అంచు ఫొటోను గోడ నిండా అచ్చు వేయించుకుంటామనీ, కింద పేరూ లింకూ ఉంటే అందం చెడుతుందనీ, అవి లేకుండా ఇవ్వమనీ అడిగారు. మా ఆయన మొహమాటపడి సరే అనబోయారు. ఉచితంగా ఇచ్చేది పేరుతోనే. పేరు వద్దనుకునేవారికి అదే ఫొటోను వేరే ఒప్పందం మీద, డబ్బు తీసుకుని ఇవ్వడానికి హక్కుదారులుగా మనకు అడ్డేమీ లేదని చెప్పాను. ఒక ధర అనుకుని వారికి రాశాం, రెండు రోజులు బేరమాడి ఒప్పుకున్నారు. అప్పటి నుంచి ప్రతి ఫొటో పేజీలో పెట్టె కింద ఇంకో వాక్యం చేర్చాను: పేరు లేకుండా వాడుకోదలచినవారు ఈ నంబరుకు ఫోను చేయగలరు.